చెరువు ఎగువన లేఅవుట్ వేస్తున్నారా? జేసీబీ దిగకముందు, దిగాక చేయాల్సిన పనులు

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు పక్కనో, కుంట ఎగువనో లేఅవుట్ వేసే చాలామంది ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) చేతికొస్తే చెరువు సంగతి ముగిసిందనుకుంటారు. చెరువు ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాతే. పొదలన్నీ చదును చేసి, రోడ్లకు కోత కోసి, మట్టిని అలాగే వదిలేసిన మొదటి వానాకాలంలో ఒండ్రు కొట్టుకొచ్చి తూము ముందు మేట వేస్తుంది. నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది, ఎరువులూ మురుగూ ఆ ఒండ్రుతోపాటే దిగుతాయి, మరుసటి ఏడాదికి గుర్రపుడెక్క కమ్ముతుంది. అందుకే ఇక్కడ కాగితాల కంటే మట్టి పనికే ఎక్కువ చోటిచ్చాం.

లెక్కలకు వీలుగా పది ఎకరాల స్థలం, దిగువన ఒక కుంట, ఒక పక్క వాగు ఉన్నాయనుకుందాం.

ముందు నీళ్ల హద్దులు, తర్వాత ప్లాట్లు

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవల్) అంటే అలుగు, అంటే నిండిన చెరువు పొర్లిపోయే చోటు, మట్టం దాకా చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే హద్దు. ఎండాకాలంలో కనిపించే నీటి అంచుకూ దీనికీ సంబంధం లేదు. తెలంగాణలో దూరాలకు ఆధారం 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవన నిబంధనలు, అంటే జీవో 168. తర్వాతి సవరణలను కలిపి చదవాలి. ఎఫ్‌టీఎల్ లోపల, శిఖం భూమిలో (చెరువు గర్భంలోని భూమి), వాగు గర్భంలో ఏ కట్టడమూ కుదరదు. దాని బయట వదలాల్సిన బఫర్ ఇది:

- 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు
- అంతకంటే చిన్న చెరువు, కుంట, శిఖం భూమికి 9 మీటర్లు
- 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, నాలా, కాలువ, వరద కాలువకు 9 మీటర్లు
- 10 మీటర్లు, ఆలోపు వెడల్పున్నవాటికి 2 మీటర్లు

డబ్బు లెక్కలో చూస్తే, చెరువు వెంబడి 100 మీటర్ల అంచు ఉంటే చిన్న కుంట దగ్గర పోయేది 900 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,076 గజాలు. పెద్ద చెరువైతే 3,000 చదరపు మీటర్లు, దాదాపు 3,588 గజాలు. 24 ఎకరాలా 26 ఎకరాలా అన్నదాని మీద ఇంత తేడా వస్తుంది కాబట్టే చెరువు విస్తీర్ణాన్ని తగ్గించి చూపే ప్రయత్నాలు జరుగుతాయి. విస్తీర్ణం, ఎఫ్‌టీఎల్ రెండూ ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు కొలిచి ధ్రువీకరించినవే చెల్లుతాయి. ప్రైవేటు సర్వేయర్ గీసిన గీత మీకు అంచనాకు పనికొస్తుంది, అంతే.

హద్దు తేల్చుకునే వరుస ఇలా ఉండాలి. మొదట హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్లో మీ చెరువు పటం చూడండి. ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిందా, తుది నోటిఫికేషన్ వచ్చిందా అన్నది ముఖ్యం. ప్రాథమిక దశలో ఉంటే గీత జరగొచ్చు. తర్వాత గ్రామ నక్షా తెచ్చి సర్వే నంబర్లను ఆ పటం మీద పెట్టి చూడండి. మూడోది, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల అక్టోబరు, నవంబరు నెలల ఫొటోలు. మంచి వానలు పడ్డ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అవి దాచకుండా చెబుతాయి. ఆ తర్వాతే ఇరిగేషన్ శాఖకు దరఖాస్తు పెట్టి ఉమ్మడి సర్వే కోరాలి. సర్వే రోజున మీ మనిషి దగ్గరుండి రెండు మట్టాలు రాయించుకోవాలి: అలుగు పైమట్టం, తూము అడుగు మట్టం. అలుగును ఎవరో పగలగొట్టి ఉంటే చెరువు చిన్నదిగా కనిపిస్తుంది. ఆ పగిలిన మట్టాన్ని పట్టుకుని ప్లాట్లు వేస్తే, అలుగు బాగుచేసిన ఏడాది ఆ ప్లాట్లు నీళ్లలో ఉంటాయి.

వాగు దగ్గర జరిగే తప్పులు రెండు. ఒకటి, ఆక్రమణలతో కుదించుకుపోయిన ఇప్పటి వెడల్పు కొలవడం. నక్షాలో 12 మీటర్లున్న వాగు నేల మీద 4 మీటర్లే కనిపిస్తే బఫర్ 2 మీటర్లు చాలనుకుంటారు, చాలదు. రెండు, బఫర్‌ను వాగు మధ్యనుంచి లెక్కపెట్టడం. లెక్కించాల్సింది వాగు హద్దు నుంచి, రెండు వైపులా.

పట్టా ఉంది కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూములు చాలా చోట్ల ఉన్నాయి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టడానికి వీల్లేదు. భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం కింద స్వీయ ధ్రువీకరణలో తప్పు వివరం ఇచ్చి అనుమతి తెచ్చుకుంటే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లోపల ఈ విషయం అందరికీ తెలిసొచ్చింది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాలది వేరే లెక్క. 1996 మార్చి 8 నాటి జీవో 111, దాన్ని సడలిస్తూ 2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69, రెండూ ముందు పెట్టుకుని, సర్వే నంబర్ వారీగా హెచ్‌ఎండీఏ నుంచి రాతపూర్వక సమాధానం తీసుకోకుండా అక్కడ అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 భవన నిబంధనలు, వాటి సవరణలు వర్తిస్తాయి. సముద్ర తీరంలో సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు అదనం. ఎక్కడైనా సరే, 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటితే కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి.

ప్లాన్ గీసేటప్పుడు

స్థలమంతటికీ అర మీటరు తేడాతో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తీయించండి. నీటి వైపు 50 మీటర్లలో పావు మీటరు తేడాతో అయితే మంచిది. రోడ్లు వీలైనంతవరకు కాంటూర్ వెంట పోవాలి. వాలు దిగుతూ నేరుగా చెరువు వైపు వేసిన రోడ్డు వానాకాలంలో కాలువే అవుతుంది.

జీవో 168 ప్రకారం బఫర్‌ను లేఅవుట్ ఖాళీ స్థలంలో భాగంగా లెక్క చూపొచ్చు, సెట్‌బ్యాక్‌లో, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీలో, మాత్రం చూపకూడదు. నిబంధన ఒప్పుకుంటుంది కానీ మా సలహా, పార్కు మొత్తాన్నీ బఫర్‌లో చూపించొద్దు. పిల్లలు ఆడుకునే చోటు అదొక్కటే అయితే రెండేళ్లలో అక్కడికి టైల్స్, జిమ్ పరికరాలు, వాచ్‌మన్ గది, ఆనక గుడి వచ్చేస్తాయి. ఆట స్థలం పైవైపు పెట్టి, బఫర్‌ను గడ్డికీ చెట్లకూ వదిలేయండి.

30 మీటర్ల బఫర్ ఉన్నచోట వీలుంటే కనీసం 12 మీటర్ల రోడ్డు వేసుకోవచ్చు. దాన్ని బఫర్ బయటి అంచుకు, అంటే ప్లాట్ల వైపుకు జరిపితే నీటి పక్కన 18 మీటర్లు పచ్చగా మిగులుతాయి. రోడ్డు వాలు చెరువు వైపు పెట్టొద్దు. ప్లాట్ల వైపు వాలుగా వేసి, అక్కడ గడ్డి కాలువలోకి నీళ్లు మళ్లించి, మట్టి కాస్త దిగాక చెరువుకు వదలాలి.

ఇక వాగు దాటే మోరీ. పది ఎకరాల మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడి అందులో 60 శాతం పారిందనుకుంటే సెకనుకు 0.4 క్యూబిక్ మీటరు వస్తుంది. 100లో 1 వాలుకు వేసిన 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు నిండుగా పారితే 0.6 మోస్తుంది. సరిపోయిందని అదే వేసేస్తారు. ఆ వాగు తెచ్చేది మీ పది ఎకరాల నీళ్లే కాదు. ఎగువన 100 ఎకరాలుండి, అదే వానలో సగం పారినా సెకనుకు 3.4 క్యూబిక్ మీటర్లు దిగుతాయి. 900 పైపుకు కూడా 1.8 దాటదు. అప్పుడు నీళ్లు రోడ్డు ఎక్కి, పక్క ప్లాట్లలోంచి కొత్త దారి కోసుకుంటాయి. అక్కడ వాగు వెడల్పు తగ్గించని బాక్స్ కల్వర్టు తప్ప మార్గం లేదు. వాగును పక్కకు మళ్లించడం, పైన స్లాబ్ వేసి మూసేయడం ఆలోచనలోనే వద్దు. అది గొలుసుకట్టు చెరువులను కలిపే దారి. దాన్ని మూస్తే దిగువ చెరువు ఎండుతుంది, మీ కాలనీ మునుగుతుంది.

చెట్ల లెక్క

చదును పని టెండర్ కంటే ముందు చెట్ల పటం తయారుకావాలి. ఛాతీ ఎత్తులో 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టుకూ నంబర్, జాతి, చుట్టుకొలత రాసి కాంటూర్ పటం మీద గుర్తు పెట్టాలి. మర్రి, రావి, మేడి, వేప, నేరేడు, తెల్లమద్ది, కానుగ, మోదుగ, జమ్మి, ఈత కనిపిస్తే రోడ్డునే ఒకటి రెండు మీటర్లు జరపగలరేమో చూడండి. ప్లాట్లు వేశాక అది కుదరదు. కొట్టక తప్పకపోతే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందే అటవీ శాఖ అనుమతి కావాలి. సొంత భూమిలో చెట్టైనా అంతే. తాటి, ఈత చెట్లకు ఎక్సైజ్ శాఖను కూడా అడగాలి. ఇది మరచిపోయి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు తక్కువేం కాదు.

ఉంచిన చెట్టుకు రక్షణ అంటే కాండానికి గోనెపట్టా చుట్టడం కాదు. వేళ్లు ఉండే చోటును కాపాడాలి. కాండం వ్యాసానికి 12 రెట్లు వ్యాసార్థంగా వలయం గీయండి. 30 సెంటీమీటర్ల మందం చెట్టుకు 3.6 మీటర్లు. కొమ్మల నీడ అంతకు మించి ఉంటే నీడ అంచే లెక్క. ఆ వలయం చుట్టూ పని మొదలుకాకముందే 1.2 మీటర్ల ఎత్తు కంచె వేయాలి. లోపల లారీ ఆగకూడదు, కంకర పోయకూడదు, సిమెంటు కలపకూడదు, 15 సెంటీమీటర్లకు మించి మట్టి నింపకూడదు. వేళ్ల మీద మట్టి నింపితే చెట్టు వెంటనే చావదు. ఏడాది, రెండేళ్లకు పై కొమ్మలు ఎండడం మొదలుపెడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

మట్టి కదలకుండా

మట్టి పని నవంబరు నుంచి ఏప్రిల్ లోపల పెట్టుకోండి. నైరుతి రుతుపవనాలు తెలంగాణలోకి జూన్‌లో వస్తాయి. అంతకుముందు మే నెలలోనే ఉరుములతో ఒక్కసారిగా కుమ్మరించే వానలు పడతాయి. పది ఎకరాల మీద ఒక్క సాయంత్రం 50 మిల్లీమీటర్లు పడితే అది 20 లక్షల లీటర్లు. బోడి నేల మీదనుంచి అందులో సగం పారినా 10 లక్షల లీటర్ల ఎర్రనీళ్లు కుంటలో దిగుతాయి. అందుకే స్థలమంతా ఒకేసారి చదును చేయొద్దు. మూడు నాలుగు ఎకరాల చొప్పున తెరిచి, ఒక ముక్క రోడ్లు, కాలువలు పూర్తయ్యాకే తర్వాతి ముక్కకు వెళ్లాలి. రెండు వారాలకు మించి పని ఆగే నేల మీద గడ్డి పరచండి లేదా పచ్చిరొట్ట విత్తనం చల్లండి.

జేసీబీతో చేయాల్సిన మొదటి పని చదును కాదు, పూడిక గుంటలు తవ్వడం. ఎకరానికి 100 క్యూబిక్ మీటర్ల లెక్కన పది ఎకరాలకు 1,000 కావాలి. ఒక్కటే పెద్దది కాకుండా నీళ్లు చేరే రెండు మూలల్లో 500 చొప్పున రెండు తవ్వండి. మీటరున్నర లోతుకు సగటున 26 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు వస్తుంది. పొడవు వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలి. నీళ్లు వచ్చే నోరూ పోయే నోరూ దగ్గరదగ్గరగా ఉంటే మట్టి దిగేలోపే నీళ్లు దాటిపోతాయి. పోయే నోటి దగ్గర రాళ్ల అలుగు కట్టాలి, మట్టి కట్ట మీదుగా పొర్లనిస్తే అదే కోసుకుపోతుంది. సగం నిండగానే పూడిక తీయాలి. గుంటలను బఫర్‌లో తవ్వొద్దు, అవి ప్లాట్ల వైపే ఉండాలి.

తర్వాత దిగువ అంచున మట్టిని ఆపే గుడ్డ కంచె. ఇక్కడ అందరూ చేసేది నర్సరీలకు వాడే పచ్చ షేడ్‌నెట్ కట్టేయడం. దాంట్లోంచి నీళ్లతోపాటు మట్టీ పోతుంది, ఫొటోలో మాత్రం బాగుంటుంది. నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డే వాడాలి. కాంటూర్ వెంట 15 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గాడి తవ్వి, గుడ్డ అడుగు భాగాన్ని అందులోకి మడిచి మట్టి వేసి గట్టిగా కూరాలి. సరుగుడు గుంజలు రెండు మీటర్లకొకటి, గుడ్డకు దిగువ వైపున. నేల మీద ఎత్తు 60 నుంచి 75 సెంటీమీటర్లు చాలు. చివర్లను పైవాలుకు మలపాలి, లేకపోతే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. 30 మీటర్ల కంచె పావు ఎకరం నీళ్లకే సరిపోతుంది, అంతకు మించితే పడిపోతుంది. మూడో వంతు ఎత్తుకు మట్టి చేరగానే ఎత్తేయాలి. వాగుకు అడ్డంగా ఈ కంచె ఎప్పుడూ కట్టొద్దు, మొదటి ప్రవాహానికే ఊడిపోతుంది.

నీళ్లు కలిసి పారే కాలువల్లో గుడ్డ బదులు రాతి అడ్డుకట్టలు వేయాలి. ఎత్తు 60 సెంటీమీటర్లకు మించకూడదు, మధ్యలో పక్కలకంటే 15 సెంటీమీటర్లు తగ్గాలి. మధ్య తగ్గించకపోతే నీళ్లు గట్లను తినేస్తాయి. ఎగువ కట్ట అడుగు, దిగువ కట్ట తల ఒకే మట్టంలో ఉండేలా దూరం పెట్టాలి: 100లో 2 వాలుకు 60 సెంటీమీటర్ల కట్టలైతే 30 మీటర్లకొకటి. ఇవన్నీ మీరు తవ్విన కాలువలకే. సహజ వాగులో రాయి వేయాలంటే ఇరిగేషన్ శాఖను అడగాలి.

గేటు దగ్గర 15 మీటర్ల పొడవున, గేటంత వెడల్పున, 15 సెంటీమీటర్ల మందంతో 40 నుంచి 75 మిల్లీమీటర్ల కంకర పరచండి. లారీ టైర్ల మట్టి అక్కడే రాలుతుంది. సన్న కంకర వేస్తే రెండు రోజుల్లో బురదలో కలిసిపోతుంది. ట్రాన్సిట్ మిక్సర్ కడిగిన నీళ్లు తీవ్రమైన క్షారం, చేపల్ని చంపుతాయి. వాటికి టార్పాలిన్ పరిచిన గుంట వాగుకు 30 మీటర్ల అవతల ఉండాలి.

పైమట్టిని మొరంతో కలిపేయొద్దు. రోడ్ల కింద పోయే స్థలం 30 శాతం అనుకుంటే, పై 15 సెంటీమీటర్లు గీసి తీస్తే దాదాపు 1,800 క్యూబిక్ మీటర్ల మంచి మట్టి వస్తుంది. అందులో గరిక, తంగేడు విత్తనాలు ఉచితంగా ఉంటాయి. రెండు మీటర్లకు మించని కుప్పలుగా, నీటి దారికి దూరంగా పోసి చుట్టూ గుడ్డ కంచె కట్టండి.

మురుగు

వరద కాలువ, మురుగు లైను వేర్వేరుగా ఉండాలి, మురుగు లైను బఫర్‌లోంచి పోకూడదు. మ్యాన్‌హోల్ పొర్లితే నేరుగా చెరువులోకే. సెప్టిక్ ట్యాంకులతో సరిపెట్టే చోట అసలు ఇబ్బంది ఇంకుడు గుంతలది. చెరువు పక్కన వానాకాలంలో భూగర్భ నీరు పైకొస్తుంది. గుంత అడుగుకూ ఆ నీటి మట్టానికీ మధ్య రెండు మీటర్లయినా ఎండు మట్టి లేకపోతే మురుగు వడకట్టకుండానే చెరువుకు చేరుతుంది. మే నెలలో తవ్వి చూసి బాగుందనుకోవద్దు, సెప్టెంబరులో పరీక్ష గుంత తవ్వి చూడండి. నీళ్లు పైనే ఉంటే అందరికీ కలిపి ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) తప్పదు, దానికి పైవైపు స్థలం ముందే వదలాలి.

బఫర్‌లో ఏం ఉంచాలి, ఏం నాటాలి

నీటి అంచున ఉన్న తుంగ, జమ్ము పీకించొద్దు. "శుభ్రం" చేయడమంటే మొదట వీటిమీదే చెయ్యి పడుతుంది. చెరువులోకి వచ్చే పోషకాలను పట్టుకునేవి అవే. వాటి పైన వాలుకు అడ్డంగా వట్టివేరు రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ 15 సెంటీమీటర్లు. మధ్యలో ఖాళీ పడితే నీళ్లు ఆ ఖాళీలోంచే గండి కొడతాయి. ఆ పైన వావిలి, తంగేడు పొదలు. ఇంకా పైన కానుగ, నేరేడు, తెల్లమద్ది, ఈత ఐదు మీటర్లకొకటి. 100 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు బఫర్ అంతా చెట్లే అనుకుంటే 72 మొక్కలు పడతాయి. గుంత 60 సెంటీమీటర్లు అన్ని వైపులా, నాటడం జూన్ చివర, జులైలో. చెరువు కట్ట మీద మాత్రం చెట్లు నాటొద్దు. వేళ్లు చచ్చి కుళ్లిన సందుల్లోంచి నీళ్లు కారి కట్టకు బుంగ పడుతుంది.

లాన్ వేయొద్దు. దానికి వేసే యూరియా, చల్లే మందు తర్వాతి వానకు చెరువులో ఉంటాయి. నేల మీద గరిక తనంతట తానే పరుచుకుంటుంది. కోనోకార్పస్, సుబాబుల్ నర్సరీవాళ్లు చవగ్గా ఇస్తామన్నా వద్దు.

సర్కారు తుమ్మ తీసేటప్పుడు గట్టు మొత్తాన్ని జేసీబీతో ఒకేసారి పెకలిస్తే వానకు గట్టే జారుతుంది. పది మీటర్ల పట్టీలుగా, ఒక పట్టీలో స్థానిక మొక్కలు నిలదొక్కుకున్నాక రెండోది తీయాలి. నేల మట్టానికి నరికితే నెలలో మళ్లీ చిగురిస్తుంది. మొదలును భూమిలో 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతుకు కోయాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకాలి.

గుడ్డ కంచెలు, పూడిక గుంటలు ఎప్పుడు తీయాలన్నది కాంట్రాక్టర్ బిల్లును బట్టి నిర్ణయించొద్దు. తెరిచిన నేలలో 70 శాతం గడ్డి కమ్మేదాకా అవి ఉండాలి, మామూలుగా అది ఒక పూర్తి వానాకాలం తర్వాతి మాట. వానాకాలంలో వారానికొకసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు తప్పకుండా చూసి, ఎక్కడ పగిలిందో రాసి సంతకం పెట్టే పుస్తకం సైట్లో ఉంచండి. గుంటల్లోంచి తీసిన ఒండ్రును బఫర్‌లో కుప్ప పోయకండి. ఆరబెట్టి పార్కు మొక్కల గుంతల్లో వేయండి. ఖాళీ అయిన గుంటల్లో ఒకటి పూడ్చకుండా వదిలేస్తే, ప్లాట్లలో ఇళ్లు కట్టే రోజుల్లో దిగే ఇసుక, సిమెంటు నీళ్లకు అదే పనికొస్తుంది.